ఇంటింటి విజ్ఞానము: అక్షరములకు పేరుచీటి

అక్షర మనగా నశింపనిదని చిన్ననాడు మా తండ్రిగారు మాకు బోధించిరి. కంప్యూటరులో వ్రాసిన యక్షరము మాత్రము మన యేమరుపాటున నశింపగలదని గత భాద్రపదమున మేము తెలిసికొంటిమి.

మా యత్తగారు బతుకమ్మ పాటలకు పెట్టినది పేరు. ఆర్మూరులో మా వాడకట్టు స్త్రీలందఱు ఆమె చుట్టు చేరి వంత పాడెడువారు. ఆమె చెప్పగా నలువది పాటలను మేము కంప్యూటరులో నెక్కించితిమి. వానిలో ఇరువదియెనిమిది మాత్రమే అంతకుముందు నోటుపుస్తకమున నున్నవి. రెండేండ్ల క్రిందట ఆమె స్వర్గస్థురాలయ్యెను.

మా చెల్లెలి కుమార్తె ప్రోగ్రామింగు నేర్చినది. "పెద్దమ్మా, మన చుట్టాలందరూ ఏ ఊళ్లో ఉన్నా చదువుకునేటట్టు చేస్తా" నని జావాలో ఒక చిన్న ప్రోగ్రాము వ్రాసెను. ఇంట చక్కగా పనిచేసినది. అంతట పాటలను అద్దె సర్వరునకు పంపి, ఇంటి ప్రతిని తీసివేసెను. మఱునాడు తెఱచి చూడగా పుటలనిండ ప్రశ్నార్థకములే! పిల్ల కన్నీరు పెట్టుకొనెను. మాకును గుండె చెఱువయ్యెను.

కారణ మేమన, కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. పసుపును శనగపిండియు చూచుటకు నొకటే. డబ్బాపై చీటి లేనిచో క్రొత్తకోడలు పులుసులో నేది వేయునో! అట్లే, అంకెల వరుసను ఏ పద్ధతిని చదువవలెనో తెలుపు చీటి కావలెను. 1963లో నేర్పడిన ఆస్కీ పద్ధతిలో 128 గుర్తులే కలవు. అవి యింగ్లీషునకే చాలును. 1991లో యూనికోడ్ మొదటి కూర్పున తెలుగునకు స్థానము లభించెను. అందు "అ" సంఖ్య 3077. "క" సంఖ్య 3093. ఆ సంఖ్యలను దాచుటకు 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు యూటీఎఫ్-8 పద్ధతిని కల్పించిరి. అందు ఒక్కొక్క తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును.

ప్రతి యంత్రమునకు లొకేల్ అను నొక యమరిక కలదు. భాష యేది, తేదీ నెట్లు వ్రాయవలెను, అక్షరముల వరుస యెట్టిది, లిపిసంఖ్య లేవి యను సంగతులు అందుండును. మా యింటి యంత్రమున నది యూటీఎఫ్-8. సర్వరున వట్టి "సి". దానికి ఆస్కీ తప్ప వేఱు తెలియదు. పద్ధతి పేరు చెప్పనిచో పాత జావా యంత్రపు అమరికనే అనుసరించును. కావున పాటలను సరిగా నందుకొనియు, ఫైలులో వ్రాయునపుడు, తెలియని ప్రతి గుర్తునకు బదులొక ప్రశ్నార్థకము నుంచెను. ఒక్క హెచ్చరికయైన చేయలేదు. 2022 మార్చిలో వచ్చిన జావా 18 మొదలు ఫైళ్లకు యూటీఎఫ్-8 యే సహజ పద్ధతి యైనది. మా సర్వరున నున్నది అంతకు పాతది.

ఖాళీలును కామాలును ఆస్కీలోనివే కనుక చెడలేదు. ప్రతి పాదము చివర ఏడేసి ప్రశ్నార్థకములు కనబడెను. లెక్కించి చూచితిమి: ఉ, య, పొల్లు, య, దీర్ఘము, ల, ఓత్వము. అది "ఉయ్యాలో"! వంత యెచ్చటనో తెలిసినది, పాట తెలియలేదు. ఇరువదియెనిమిది పాటలను నోటుపుస్తకమునుండి మరల నెక్కించితిమి. తక్కిన పండ్రెండింటికై ముసలమ్మల యిండ్లు తిరుగగా ఎనిమిది దొరకెను. నాలుగు పోయినవి.

కావున చదువరులు మూడు గుర్తులు తెలిసికొనవలెను. ఖాళీ పెట్టెలు కనబడినచో ఫాంటు లేదని యర్థము; అక్షరములు భద్రము. తలపై గీతలుగల వింత లాటిన్ అక్షరములు కనబడినచో చాలవఱకు చీటి తప్పినదని యర్థము. వెంటనే సేవు చేయక పద్ధతి మార్చి చూచిన తెలుగు తిరిగి వచ్చును. ఫైలులోనే ప్రశ్నార్థకములు నిండినచో ఆ ఫైలునుండి తిరిగి రాదు.

సర్వరున "లొకేల్" అను ఆజ్ఞ నిచ్చి యూటీఎఫ్-8 కలదో లేదో ముందుగా చూడుడు. ప్రోగ్రాములో చదువునపుడును వ్రాయునపుడును పద్ధతి పేరు స్పష్టముగా చెప్పుడు. ఒక్క పాట పంపి, తిరిగి తెచ్చి, చదివి చూచినపిమ్మటనే తక్కినవి పంపుడు. అప్పుడైనను మొదటి ప్రతిని తీసివేయకుడు.

మీ యింట పాటలెఱిగిన పెద్దలున్నచో ముందుగా కాగితముపై వ్రాసికొనుడు. ఆ పని నేడే చేయుడు.