మన పిల్లలు ఏ నుడిలో నేరస్థుణ్ణి పట్టుకోవాలి?

మన ఉద్యమ సభలలో ఈ మాట ఎత్తితే పెద్దలు నవ్వుతారని నాకు తెలుసు. తెలుగు బడి, తెలుగు ఉపాధ్యాయుడు, తెలుగు పాఠ్యపుస్తకం కావాలని మొరపెట్టుకొనే చోట సెల్‌ఫోను ఆటలో తెలుగు లేదన్న ఫిర్యాదు ఏమిటని అడిగినవారు ఇప్పటికే ఉన్నారు. వారికి జవాబుగానే ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి పన్నెండవ తరగతి చదువుతోంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పుస్తకాలలో కొంత ఆంగ్లం. సిరొంచ ప్రాంతపు తెలుగు ఇళ్ళు చాలావరకు ఇంతే. వేసవి సెలవులలో ఆమె ఒక అపరాధ పరిశోధన ఆటలో మునిగిపోయింది. దాని పేరు ఇక్కడ అనవసరం. ఒక ఊరిలో ఒక మనిషి కనబడకుండా పోతాడు. ఆడేవారే పరిశోధకులు. పాత్రలు ఫోనుకు సందేశాలు పంపుతాయి. ప్రతి సందేశానికీ మూడు నాలుగు జవాబులు తెరమీద కనబడతాయి, ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకొన్నదాన్నిబట్టి కథ దారి చీలుతుంది. ఒక దారిలో సాక్షి నోరు విప్పుతాడు, మరొక దారిలో ముఖం చాటేస్తాడు. నడుమ ఒక పాత్రతో ప్రేమ చిగురించనూ వచ్చు, మొగ్గలోనే వాడిపోనూ వచ్చు. 2019లో మొదలైన ‘డస్క్‌వుడ్’ అనే జర్మన్ సంస్థ ఆట ఈ తరహాలో బాగా పేరు పొందింది. అందులో హన్నా అనే యువతి అదృశ్యమవుతుంది. ఆమె మిత్రులతోను, జేక్ అనే అజ్ఞాత హ్యాకరుతోను మాట్లాడుతూ నిజాన్ని వెదకాలి. ఆ బాటలో నడిచే ఆటలు ఇప్పుడు ఎన్నో ఉన్నాయి.

మా అమ్మాయి ఆటలో ఒక పాత్ర ఆమెను నమ్మి ఏదో రహస్యం చెప్పబోయి, “రేపు చెప్పనా?” అని ఆంగ్లంలో అడిగింది. ఈమె ‘ఫైన్’ అన్న జవాబును నొక్కింది. బడిలో ‘హౌ ఆర్ యూ’ అంటే ‘ఫైన్’ అనమని నేర్పారు కదా, మంచిమాటే అనుకొంది. ఆ సందర్భంలో ఆ మాటకు అర్థం వేరు. విసుగుతో, మూతి ముడుచుకొని, ‘సరేలే, నీ ఇష్టం’ అన్నట్టు. ఆ పాత్ర నొచ్చుకొంది. ఆ రహస్యం మరి బయటికి రాలేదు. చివరికి నేరం నిర్దోషి తలకు చుట్టుకొంది.

“బాపూ, గాయన ఎందుకలిగిండో నాకు సమజ్ గాలే. నాకే బుర్ర లేనట్టుంది” అంది.

నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది ఆ రెండో వాక్యం. ఆ పిల్లకు బుర్ర ఉంది. ఎవరు అబద్ధమాడుతున్నారో మూడవ అధ్యాయంలోనే పసిగట్టింది. ఆమెకు లేనిది ఒక పరాయి నుడిలోని మూతివిరుపును పట్టుకొనే చెవి మాత్రమే. ఆ చెవి లేకపోవడాన్ని ఆమె తెలివి లేకపోవడంగా లెక్క వేసుకొంది. సరిహద్దు జిల్లాలలో ఈ లెక్క బడిలో ఒకసారి, కచేరీలో ఒకసారి, కోర్టులో ఒకసారి మన మనుషుల మీద వేస్తూనే ఉన్నారు. ఇక మిగిలింది ఆట. అక్కడ పిల్లలు తమమీద తామే వేసుకొంటున్నారు.

కోర్టు మాట వచ్చింది కనుక ఒక అనుభవం చెప్పుకోనివ్వండి. చాలా ఏళ్ళ క్రితం ఒక న్యాయస్థానంలో మా వైపు సాక్షి, చదువురాని పెద్దాయన, “వాడు ఆ రాత్రి వచ్చిండట” అన్నాడు. దుబాసీ దాన్ని మరాఠీలో ‘వచ్చాడు’ అని చెప్పాడు. కాగితం మీద అదే ఎక్కింది. ఆ ఒక్క ‘ట’ పోయింది. తాను కళ్ళారా చూడలేదని, ఇంకొకరు చెప్పగా విన్నానని ఆ పెద్దాయన నిజాయితీగా చెప్పుకొన్న గుర్తు అది. విన్న మాట సాక్ష్యం కాదని, చూసినవాడే చూశానని చెప్పాలని సాక్ష్యచట్టం అంటుంది. 1872 నాటి పాత చట్టమూ అదే అన్నది, 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలుకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమూ అదే అంటుంది. చట్టం పుటలకొద్దీ చెప్పినదాన్ని మా సిరొంచ రైతు ఒక్క అక్షరంతో చెప్పాడు. మరాఠీకి ఆ సొంపు లేదనుకోకండి, ‘మ్హణే’ అన్న చక్కని మాట ఉంది. దుబాసీ దాన్ని వాడలేదు, అంతే. ఎదుటి వకీలు మరుసటి ప్రశ్నలో ఆ పెద్దాయనను అబద్ధాలకోరుగా నిలబెట్టాడు.

అపరాధ పరిశోధనకు తెలుగంత అనువైన నుడి మరొకటి ఉందా అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది. అభిమానం కొద్దీ అంటున్నానని అనుకొంటే అనుకోండి. “రాత్రి ఎవలో వచ్చిన్రు” అని ఒక సాక్షి చెప్పాడనుకొందాం. వచ్చింది ఒకరా, నలుగురా? మగమనిషా, ఆడమనిషా? బహువచనమా, మర్యాదా? తెలుగు వ్యాకరణం నాలుగు తలుపులూ మూసే ఉంచింది. ఆంగ్లంలో రచయిత ఎంతో ప్రయాసపడి దాచవలసిన సంగతి మన వాక్యంలో తనంతట తానే దాగుతుంది. ఇక ‘వాడు’, ‘అతడు’, ‘ఆయన’, ‘వారు’ — చనిపోయిన మనిషిని ఎవరు ఏ మాటతో తలచుకొంటున్నారో విని చుట్టరికాన్నీ, పగనూ, భయాన్నీ పసిగట్టవచ్చు. ప్రేమ సంగతి చెప్పనే అక్కరలేదు. ‘మీరు’ అంటూ వచ్చిన పాత్ర ఒక అర్ధరాత్రి సందేశంలో ‘నువ్వు’ అన్నదంటే కథ మలుపు తిరిగినట్టే. అదే పాత్ర మర్నాడు మళ్ళీ ‘మీరు’ అంటే! ఆంగ్లంలోని ‘యూ’కు ఈ మెట్లు లేవు.

మరి మనకు ఈ సాహిత్యం లేదా? కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నూ, ఆయన సహాయకుడు రాజునూ ఎరగని పాత తరం తెలుగు పాఠకుడు ఎవరు? టెంపోరావు, విశ్వప్రసాద్, గిరిజశ్రీ భగవాన్ పుస్తకాలు అద్దెకు తెచ్చుకొని రాత్రికి రాత్రి చదివి తిరిగి ఇచ్చిన తరం అది. మరాఠీ పొరుగువారికి బాబూరావ్ అర్నాళ్కర్ ఉన్నాడు. దారి చీలే కథ కూడా మనకు కొత్త కాదు. ‘చందమామ’లో బేతాళుడు ప్రతి కథ చివరా ప్రశ్న వేసేవాడు. తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే మౌనం చెడి శవం చెట్టెక్కుతుంది. ఎంపికకు ఫలితం ఉండటమంటే అదే కదా. 1947లో తెలుగులో మొదలైన ఆ పత్రికే 1952 నుండి మరాఠీలో ‘చాందోబా’గా వచ్చింది. ఒకే బేతాళుణ్ణి ఒకే వీధి పిల్లలు తమ తమ నుడులలో చదివే వీలు ఉండేది. ఆ పత్రికలు ఇప్పుడు లేవు. వాటి చోటులోకి ఫోను వచ్చింది, ఫోనులోని బేతాళుడు ఆంగ్లంలో అడుగుతున్నాడు.

జపాన్‌వారు ఏం చేశారో చూడండి. యూజి హోరీ అనే యువకుడు 1983లో ‘పోర్టోపియా హత్యల కేసు’ అనే అపరాధ పరిశోధన ఆటను తన భాషలో, తన దేశపు ఊళ్ళ నేపథ్యంలో రాశాడు. దాని అధికారిక ఆంగ్ల రూపం 2023లో గాని రాలేదు. నలభై ఏళ్ళు ఆంగ్లం వాకిట నిలబడింది, జపాన్ పిల్లలు లోపల ఆడుకొన్నారు.

మనవారి అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. మొదటిది, ఆటలు చదువుకు చేటు. అతి అయితే చేటే, ఒప్పుకొంటాను. కాని పిల్లలు ఆడటం మానడం లేదు, తెలుగులో ఆడటం లేదంతే. రెండవది, ప్రేమ వ్యవహారం పిల్లల చేతికి ఇవ్వడమా? వయసుకు తగినది ఉండాలన్నది సబబే. అయితే ఒక్కటి అడుగుతాను. ఇంట్లో కేకలు వేయడానికి, సంతలో బేరమాడటానికి తెలుగు, చదువుకు మరాఠీ, తెలివికీ ప్రేమకూ ఆంగ్లం అని పంచిపెట్టిన తరువాత ఆ పిల్ల తన బిడ్డతో ఏ నుడిలో మాట్లాడుతుంది? మూడవది, మన సిరొంచ తెలుగు అసలు తెలుగే కాదట. ఇది అన్నవారు బయటివారు కాకపోవడమే విచారకరం. 1860లో నిజాం నుండి ఆంగ్లేయుల చేతికి పోయి, ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమై, ఆ తరువాత చాందాలో కలిసి, 1956లో బొంబాయి రాష్ట్రానికి, 1960లో మహారాష్ట్రకు, 1982లో గడ్చిరోలి జిల్లాకు చేరిన ఊరు ఇది. ఇన్ని చేతులు మారినా ప్రాణహిత ఒడ్డున నిలిచిన తెలుగు ఎవరి అనుమతి పత్రం కోసం ఎదురుచూడాలి?

ఇప్పుడు చట్టం. మనం ఇన్నాళ్ళూ పెట్టుకొన్న అర్జీలన్నీ రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చుట్టూ తిరిగాయి. 1956 నాటి ఏడవ సవరణ ద్వారా వచ్చిన ఆ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలంటుంది. అక్కడితో ఆగుతుంది. 29వ అధికరణం అలా ఆగదు. ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల పౌరులకు వాటిని కాపాడుకొనే హక్కు ఉందంటుంది. బడిలోనే కాపాడుకోవాలని అందులో లేదు. అయితే వకీలుగా దాచకుండా చెప్పాలి. ఈ అధికరణం చూపి ఏ విదేశీ ఆటల సంస్థనూ కోర్టుకు ఈడ్వలేము. సంస్థకు కావలసింది గిరాకీ. 2011 జనాభా లెక్కలలో దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్లు, మహారాష్ట్రలోనే 13 లక్షల పైచిలుకు. ఈ జనానికి గిరాకీ లేదనేవాడు మనం అడగలేదన్న ధైర్యంతోనే అంటున్నాడు.

మనం నిలదీయగలిగినవి ప్రభుత్వాలు. తెలంగాణ ప్రభుత్వం 2016లో యానిమేషన్, ఆటల రంగానికి ‘ఇమేజ్’ విధానం ప్రకటించింది. ఇలాంటి విధానాల కింద ప్రజల సొమ్ముతో రాయితీ ఇచ్చే ప్రతిచోటా తెలుగు రూపం ఉండాలని షరతు పెట్టమందాం. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది, సంతోషం. శాసనాల పరిష్కరణకు డబ్బు పెట్టే చేతులు పిల్లల ఆటకు కూడా కొంత విదిలించాలి. సరిహద్దు తెలుగువారి మాండలికాలలో రాసినవారికి ప్రోత్సాహకం ఉండాలి. యంత్రం చేత అనువదింపజేసి ‘ఫైన్’ అన్నదానికి ‘జరిమానా’ అని అతికించే తెలుగు మనకు అక్కరలేదు.

ఒత్తులూ గుణింతాలూ తెరమీద విడిపోతాయన్న సాకు కూడా చెల్లదు. కొన్ని ఆట-సాధనాలలో ఆ చిక్కు నిజమే, కాని అక్షరాలను సరిగా కూర్చే హార్ఫ్‌బజ్ వంటి ఉచిత సాధనాలు ఎప్పుడో వచ్చాయి. 2009లో క్రిస్ క్లిమాస్ తయారు చేసిన ‘ట్వైన్’ అనే ఉచిత సాధనంతో ప్రోగ్రామింగు రానివారు కూడా దారులు చీలే కథను అల్లవచ్చు. అది బ్రౌజరులో నడుస్తుంది కనుక తెలుగు అక్షరం చెక్కుచెదరదు.

ఈ సంగతి మా అమ్మాయికి చెప్పాను. ఇప్పుడు ఒక నోటుపుస్తకంలో కథ మొదలుపెట్టింది. 2016లో వంతెన రాకముందు కాలం. కాళేశ్వరం రేవునుండి బయలుదేరిన పడవలో ఐదుగురు ఎక్కారు, సిరొంచ ఒడ్డున నలుగురే దిగారు. పడవ నడిపే ఆయనది తెలుగు, ఠాణాలో పంచనామా మరాఠీలో, అడవిలో టేకు దుంగలకు కాపలా ఉన్నవాడిది గోండి. ముగ్గురి మాటా విన్నవారికే నిజం దొరుకుతుందట.

మొదటి ప్రశ్న నామీదే ప్రయోగించింది. పడవాయన “మునిగిపోయిండట” అన్నాడు. నమ్మాలా? నమ్మొద్దా? లేక ‘ఎవరన్నారు?’ అని అడగాలా? నేను మూడవదాన్ని ఎంచుకొన్నాను. వకీలు బుద్ధి పోనిచ్చుకోలేదని నవ్వి, ఆ దారి ఇంకా రాయలేదంది.