ఖాళీ పోస్టుల బరువు ఎవరి మీద?

ప్రభుత్వ ఉద్యోగాల ఖాళీలు నిరుద్యోగుల సమస్య, పనిభారం ఉద్యోగ సంఘాల సమస్య అనుకుంటాం. దళితుల వైపు నుంచి చూస్తే రెండూ ఒకటే సమస్య. పోస్టు ఖాళీగా ఉంచితే రిజర్వేషన్ పోతుంది, పని మాత్రం మన నెత్తినే పడుతుంది.

తెలంగాణ మొదటి పీఆర్సీ, అంటే బిస్వాల్ కమిషన్ నివేదిక 2021 జనవరిలో బయటికొచ్చింది. దాని ప్రకారం మంజూరైన పోస్టులు 4,91,304. పనిచేస్తున్నవారు 3,00,178. ఖాళీలు 1,91,126. పదిమంది చేయాల్సిన పనిని ఆరుగురు లాగుతున్నారన్నమాట. మోటు లెక్కన 15 శాతం చొప్పున చూసినా ఆ ఖాళీల్లో ఎస్సీల వాటా 28 వేల పైమాటే. రిజర్వేషన్‌కు వ్యతిరేకంగా ఎవరూ ఒక్క మాట అనలేదు. భర్తీ ఆపితే చాలు, వాటా దానంతటదే ఆగిపోయింది.

2022 మార్చిలో 80,039 పోస్టులు నేరుగా భర్తీ చేస్తామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో ప్రకటించారు. పేపర్ లీకులు, కోర్టు కేసుల మధ్య కాలం గడిచింది. 2021లో రిటైర్మెంట్ వయసు 61కి పెంచడంతో ఆగిన పదవీ విరమణలు 2024లో మళ్లీ మొదలయ్యాయి. ఒక పక్క నింపుతుంటే మరో పక్క ఖాళీ అవుతోంది.

పోస్టు లేకపోయినా పని ఆగదు కదా. దాన్ని ఎవరితో చేయిస్తున్నారో గ్రామ పంచాయతీల్లో చూడొచ్చు. జీవో 51తో వచ్చిన మల్టీపర్పస్ విధానంలో వీధులు ఊడ్చే మనిషే మోరీలు తీయాలి, ట్రాక్టర్ నడపాలి, నీళ్లు వదలాలి, వీధిలైటు కోసం కరెంటు స్తంభం ఎక్కాలి. నాలుగు పనులకు ఒక మనిషి, ఒకటే జీతం. 2023 జూలైలో పంచాయతీ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు ఈ విధానం రద్దు చేయాలన్నది ప్రధాన డిమాండ్లలో ఒకటి. ఊళ్లలో ఈ పనికి వచ్చేది ఎక్కువగా మాదిగ, మాల వాడల నుంచే. ఇక్కడ రోస్టర్ అక్కర్లేదు, కులమే రోస్టర్. రోస్టర్ అవసరమైన కుర్చీలేమో ఖాళీగా ఉంటాయి.

న్యాయస్థానం ఈ పద్ధతిని తప్పుపట్టింది. కేంద్ర జల సంఘంలో ఏళ్ల తరబడి తాత్కాలికంగా పనిచేసిన సఫాయి కార్మికులు, తోటమాలి వేసిన జగ్గో కేసులో 2024 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు వారిని పర్మనెంట్ చేయమంది. శాశ్వతంగా ఉండే పనికి తాత్కాలిక పేరు పెట్టడం కుదరదన్నది ఆ తీర్పు సారం.

2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో ఎస్సీ వర్గీకరణ అమల్లోకి వచ్చింది. 15 శాతాన్ని 1, 9, 5గా పంచారు. దశాబ్దాల పోరాట ఫలితమది. కానీ నోటిఫికేషన్ పడని పోస్టులో 9 శాతమైనా సున్నాయే, 5 శాతమైనా సున్నాయే. మాదిగ సంఘాలు, మాల సంఘాలు కలిసి అడగగలిగిన ప్రశ్న ఇదొకటి ఉంది.

విద్యార్థులు, కార్యకర్తలు చేయగల పని కూడా ఉంది. మీ జిల్లాలో ఒక్కో శాఖకు మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, ఔట్‌సోర్సింగ్‌లో ఉన్నవారెందరు, ఎస్సీ బ్యాక్‌లాగ్ ఎంత? ఈ నాలుగు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆ లెక్క చేతిలో ఉంటే పనిభారం మీద సమ్మె చేసే కార్మికురాలు, కోచింగ్ సెంటర్లో ఏళ్లు గడిపే ఆమె కొడుకు ఒకే డిమాండ్ మీద నిలబడగలరు.