యెష్షయి పంపిన జున్నుగడ్డలు



ధర్మవరము, పెనుకొండ, హిందూపురము, ఈ మూడు ఊళ్లు బెంగుళూరు రైలు దారిలోనే ఉన్నవి. మన సంఘములలోని బిడ్డలు అనేకులు ఆ దారినే పోయి అక్కడ పనులు చేసికొనుచున్నారు. శనివారము రాత్రి ఇల్లు చేరి, "అమ్మా, అక్కడ చీజు వేసిన మాకరోనీ తిన్నాను. మనమూ చేసుకుందామా?" అని అడుగుదురు. తల్లి మనస్సు చిన్నబోవును. రాగిముద్ద చేసి, ఊరిబిండి నూరి ఎదురుచూచినది గదా! "మా తిండి నీకు పనికిరాకుండా పోయిందా?" అను మాట వచ్చును. బిడ్డ ఫోను పట్టుకొని మూలకు పోవును. ఇంత చిన్న మాటకే ఆదివారపు భోజనము మూగదైపోయిన ఇండ్లు నేనెరుగుదును. మరుసటి శనివారము ఆ బిడ్డ "సెలవు దొరకలేదు" అనును.

చీజు అనగానే పరదేశపు వస్తువని జంకనక్కరలేదు. 1 సమూయేలు 17:18 తీసి చూడండి. అక్కడి జున్నుగడ్డలు ఇవే. బర్రె ఈనినప్పుడు ముర్రుపాలలో బెల్లము వేసి మనము వండుకొను జున్ను వేరు. ఇది పాలను విరిచి, నీరు తీసివేసి, ఉప్పు చేర్చి, గడ్డకట్టించి నిలువ ఉంచునది. యెష్షయి యుద్ధములో ఉన్న కుమారులకు వేయించిన ధాన్యమును, రొట్టెలను, వారి అధికారికి పది జున్నుగడ్డలను దావీదుచేత పంపి, బిడ్డల క్షేమము కనుగొని రమ్మనెను. పాస్టరుగారికి వంటింటిలో పనియేమని నవ్వువారు, ఆ మూట పంపినది తండ్రియని గమనించగలరు.

ఇక వంట. అయిదుగురికి పావుకిలో మాకరోనీ చాలును. ఉప్పు వేసిన మరిగే నీళ్లలో ఉడికించి, కొంచెము పలుకు ఉండగానే వార్చి, ఒక చెంచా శెనగనూనె కలుపవలెను. మెత్తగా ఉడికించితిరా, తరువాత ముద్దయగును. ఉల్లిగడ్డ, క్యారెట్, బీన్స్, క్యాప్సికం సన్నగా తరిగి వేయించి, రెండు టమాటాలు వేసి మగ్గనివ్వండి. టమాటాకు ధర లేక రోడ్డుపై పారబోయు దినములలో నాలుగు వేసినను తప్పులేదు, నీరు ఇగిరితే చాలు. వేరొక గిన్నెలో రెండు పెద్ద చెంచాల వెన్న కరిగించి, రెండు చెంచాల మైదా వేసి పచ్చివాసన పోవువరకు కలిపి, అర లీటరు పాలు కొద్దికొద్దిగా పోయుచు ఉండలు లేకుండ త్రిప్పవలెను. మిరియాల పొడి వేయండి. చీజులోనే ఉప్పున్నది గనుక ఉప్పు రుచి చూచి వేయండి, రక్తపోటు ఉన్న పెద్దలుంటే మరీ జాగ్రత్త. అన్నియు కలిపి, నూనె రాసిన మందపాటి గిన్నెలో పరచి, పైన నూరు గ్రాముల చీజు తురిమి చల్లవలెను. పన్నీరు ఒక్కటే వేస్తే చాలదు, అది కరగదు.

ఓవెను లేదని ఆగవద్దు. క్రిస్మసు కేకు ఇసుకలో కాల్చిన తల్లులు మన సంఘములలో ఎందరు లేరు! పాత బాణలిలో రెండు వేళ్ల ఎత్తు ఎండిన ఇసుక పోసి, పది నిమిషములు కాచి, దానిపై స్టాండు, స్టాండుపై గిన్నె పెట్టి, మూతవేసి సన్నని సెగపై ఇరువది అయిదు నిమిషములు ఉంచండి. సెగ క్రిందనుండే వచ్చును గనుక పైభాగము ఎర్రబడదు. కట్టెల పొయ్యి ఉన్నవారు ఇనుప మూతపై నాలుగు నిప్పులు వేయండి, చీజు బంగారు రంగు తేలును. ఈ నిప్పుల లెక్క బెంగుళూరులో ఉన్న బిడ్డకు తెలియదు, అమ్మకో అవ్వకో తెలియును. తురుముట బిడ్డకు, సెగ చూచుట అవ్వకు అప్పగించండి. తండ్రులు కూరగాయలు తరిగినను గౌరవము తగ్గదు.

దించిన వెంటనే వడ్డిస్తే జారిపోవును, పది నిమిషములు ఆగండి. ఆ పది నిమిషములలో ప్రార్థన చేసికొని, పళ్లెములు వేసికొనవచ్చును. ఊరిబిండి గిన్నెను మాత్రము లోపల దాచవద్దు. చీజు కమ్మదనము ప్రక్కన ఆ కారము ఎంత బాగుండునో బిడ్డయే చెప్పును.