పన్ను పీకే ముందు నిద్ర సంగతి అడగండి

పిల్లోడు నిద్రలో పళ్లు కొరికితే కడుపులో పురుగులంటారు. మొగుడు గురక పెడితే ఒళ్లెరగని నిద్రంటారు. పనిమనిషి పగలు కునికితే ఒళ్లొంగని సోమరంటారు. ఈ మూడు మాటలూ మన పల్లెల్లో, పేటల్లో తరాలుగా నడుస్తున్నాయి. మూడూ మనిషిని డాక్టరు దాకా పోనివ్వని మాటలే. ఒకవేళ పోయినా, మనోళ్లు పళ్ల డాక్టరు కుర్చీలో కూచుంటే జరిగేదేంటి? "ఏ పన్ను?" అని అడగటం, సూది వెయ్యటం, పీకి పంపటం. రాత్రి ఎట్లా పడుకుంటున్నావని అడిగేవాళ్లు చాలా అరుదు. అడగాలి అన్నదే ఈ వ్యాసం.

పళ్లు కొరకటాన్ని డాక్టర్లు బ్రక్సిజం అంటారు. నిద్రలో కొరికేది ఒక రకం, మెలకువలో దవడలు బిగబట్టేది ఇంకో రకం. పెద్దవాళ్లలో నూటికి 8 నుంచి 13 మంది దాకా నిద్రలో కొరుకుతారని అంచనా. పిల్లల్లో ఇంకా ఎక్కువ, పెరిగేకొద్దీ చాలామందికి తగ్గిపోతుంది. బడిలో మేమిచ్చే నులిపురుగుల బిళ్ల వేయించండి, మంచిదే. కాని పళ్లు కొరకటానికి పురుగులే కారణమనటానికి గట్టి రుజువు లేదు. కొరికే ప్రతివాడూ రోగి కాదు కూడా. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇది దానంతటది జబ్బు కాదని 2018లో పలు దేశాల నిపుణులు కలిసి తేల్చారు. పళ్లు విరుగుతుంటే, దవడ నొప్పి పుడుతుంటే, దాని వెనక ఇంకో జబ్బు దాగి ఉంటే అప్పుడు పట్టించుకోవాలి.

గుర్తుపట్టేదెట్లా? పై పన్ను అరిగిన చోటు, కింది పన్ను అరిగిన చోటు ఒకదానికొకటి సరిగ్గా సరిపోయి, నున్నగా బల్లపరుపుగా ఉంటే అనుమానించాలి. బుగ్గ లోపల తెల్లటి గీత, నాలుక అంచున పళ్ల అచ్చులు, లేవగానే దవడ పట్టేయటం, కణతల నొప్పి, చెంప కండ బలిసి ఉండటం - ఇవీ గుర్తులే. అయితే అరిగిన ప్రతి పన్నూ కొరికి అరిగింది కాదు. మనోళ్ల విషయంలో ఇది ముఖ్యం. ఇటుకపొడితో, బొగ్గుతో తోమితే అరుగుతాయి. చీమకుర్తి లాంటి చోట గ్రానైట్ క్వారీల్లో రాతి దుమ్ము నోట్లో పడి అరుగుతాయి. వక్క, గుట్కా నమిలితే అరుగుతాయి. కడుపులో పులుపు పైకి తంతే పంటి మీది పొర కరిగిపోతుంది. అరుగుదల పాతదా, ఇప్పటికీ సాగుతోందా అన్నది ఒక్కసారి పన్ను చూసి చెప్పలేరు. అందుకే మనిషిని అడగాలి, పక్కన పడుకునేవాళ్లను అడగాలి. మనిషి చెప్పేది మొదటి మెట్టు. నోట్లో గుర్తులు రెండోది. రాత్రంతా తీగలు పెట్టి కండరాల కదలికలు రాసే పరీక్ష మూడోది. మూడోది అందరికీ అక్కర్లేదు. మొదటిదానికి పైసా ఖర్చు లేదు. అది కూడా మనకు దక్కటం లేదు.

ఇక దాగి ఉండే జబ్బు సంగతి. నిద్రలో గొంతు కండరాలు సడలి, నాలుక వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. ఊపిరి 10 సెకన్లకు మించి ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మళ్లీ నిద్ర, మళ్లీ ఆగటం. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. పూర్తిగా ఆగినవి, సగం ఆగినవి కలిపి గంటకు 5 దాటితే జబ్బు కింద లెక్క, 15 దాటితే ఒక మాదిరి, 30 దాటితే తీవ్రం. పెళ్లాంబిడ్డలకు వినపడేది గురక. లోపల జరిగేది రక్తంలో ప్రాణవాయువు తగ్గటం, బీపీ పెరగటం, గుండెకు, మెదడుకు ముప్పు చేరువ కావటం. ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు మన దేశపు పరిశీలనలన్నీ కలిపి 2023లో లెక్కగట్టారు. పెద్దవాళ్లలో నూటికి 11 మందికి ఈ జబ్బుంది. మొత్తం సుమారు 10.4 కోట్ల మంది. ఇంతమంది ఏసీ గదుల్లో పడుకునేవాళ్లేనా? లావున్నోళ్లకు ముప్పు ఎక్కువన్నది నిజమే. కాని దవడ చిన్నదైనా, గొంతు దారి ఇరుకైనా సన్నటి మనిషికీ వస్తుంది. డబ్బున్నోళ్ల జబ్బని పక్కన పెడితే నష్టం మనకే.

మాకు తెలిసిన ఒక లారీ డ్రైవరు ఉన్నాడు. నలభై దాటలేదు, బక్కపల్చటి మనిషి. నాలుగేళ్లలో పట్నంలో మూడు పళ్లు పీకించుకున్నాడు. మూడుసార్లూ పుచ్చు లేని పన్ను నిలువునా చీలింది. పుచ్చు లేకుండా ఎందుకు చీలుతోందని అక్కడెవరూ ఆలోచించలా. భార్య అడగబోతే "ఎముకలు నమిలి ఉంటాడులే, మీ తిండే అంత గదా" అని నవ్వారంట. ఆ నవ్వులో ఉన్నది వైద్యం కాదు, కులం. ఆమె చెప్పాలనుకున్న మాట ఏంటంటే - రాత్రిళ్లు గురక మధ్యలో ఊపిరి ఆగుతుంది, ఉన్నట్టుండి ఉలిక్కిపడతాడు, ఆ వెంటనే పళ్లు పటపటమంటాయి. జబ్బు పేరు తెలియని మనిషి జబ్బు ఆనవాలు సగం చెప్పేసింది. వినే చెవి లేదు. చివరికి పెద్దాసుపత్రిలో నిద్ర పరీక్ష చేస్తే గంటకు 30కి పైనే ఆగుతోందని తేలింది. ఈ జబ్బున్న డ్రైవర్లకు ప్రమాదం జరిగే అవకాశం మిగతావాళ్లకన్నా రెండింతలకు పైగా ఉంటుందని పరిశోధనలు చెప్తున్నాయి. స్టీరింగు మీద కునికితే పోయేది ఒక్క డ్రైవరు ప్రాణమేనా?

పళ్లు కొరకటానికి, ఊపిరి ఆగటానికి సంబంధం ఎంత అన్న దాని మీద వైద్యుల్లో ఇంకా వాదన ఉంది. కొందరిలో రెండూ కలిసి ఉంటాయి, కొందరిలో ఉండవు. కాబట్టి తేల్చకుండా వైద్యం మొదలుపెట్టకూడదు. అరిగిన పళ్లు చూడగానే కొందరు డాక్టర్లు నైట్ గార్డ్ పెడతారు. రాత్రిపూట పళ్ల మీద తొడుక్కునే గట్టి తొడుగు అది. పళ్లను కాపాడుతుంది, కొరకటాన్ని మాన్పించదు. ఆప్నియా ఉన్న మనిషికి పై పళ్లకు మామూలు తొడుగు పెడితే ఊపిరి ఆగటం కొందరిలో ఇంకా పెరిగిందని 2004లో పదిమంది మీద చేసిన చిన్న పరిశీలనలో కనపడింది. చిన్నదే అయినా హెచ్చరిక హెచ్చరికే. ఇంక పళ్ల ఎత్తు సరిచేస్తామని అరగదీయటం కొరుకుడుకు వైద్యమే కాదు. అరగదీసిన పన్ను తిరిగి రాదు.

అడగటానికి యంత్రం అక్కర్లేదు. ఎనిమిది ప్రశ్నలు చాలు: గురక గట్టిగా పెడతావా? పగలు అలసటగా, మత్తుగా ఉంటుందా? ఊపిరి ఆగటం ఎవరన్నా చూశారా? బీపీ ఉందా? బరువు బాగా ఎక్కువా? వయసు 50 దాటిందా? మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటిందా? మగవాడివా? మూడింటికి అవునంటే అనుమానం, అయిదు దాటితే గట్టి అనుమానం. కెనడా వైద్యులు 2008లో ఇచ్చిన ఈ పద్ధతినే స్టాప్-బ్యాంగ్ అంటారు. ఇంకోటి మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివిన మల్లంపాటి శేషగిరిరావు ఇచ్చింది. అమెరికాలో మత్తు డాక్టరుగా ఉండగా, గొంతులోకి గొట్టం దించటం ఎవరికి కష్టమో ముందే తెలుసుకోటానికి 1985లో రాశారు. నోరు బాగా తెరిచి నాలుక చాపితే కొండనాలుక కనపడుతుందా, నాలుకే మూసేస్తుందా అని చూడటమే. ప్రపంచమంతా దాన్ని మల్లంపాటి పరీక్ష అనే అంటుంది. గాలి దారి ఇరుకా కాదా అని పళ్ల డాక్టరు అర నిమిషంలో చూడొచ్చు. అదొక్కటే జబ్బును తేల్చదు. అనుమానం వస్తే నిద్ర పరీక్షకు పంపాలి. తేల్చాల్సింది వైద్యుడు, పసిగట్టాల్సింది పళ్ల డాక్టరు. అమెరికా పళ్ల డాక్టర్ల సంఘం 2017లో తన సభ్యులకు చెప్పిందీ ఇదే.

తేలాక వైద్యం ఉంది. జబ్బు తీవ్రంగా ఉంటే సీపాప్ యంత్రం - ముక్కుకు తొడుగు పెట్టి గాలిని ఒత్తిడితో పంపి దారి మూసుకోకుండా నిలబెడుతుంది. 1981 నుంచి ఉన్నదే. అది తట్టుకోలేనివాళ్లకు, జబ్బు తక్కువున్నవాళ్లకు పళ్ల డాక్టరు చేసే పరికరం ఉంది. కింది దవడను కొద్దికొద్దిగా ముందుకు జరిపి పట్టి ఉంచుతుంది. నోటి అచ్చు తీసి ఆ మనిషి కోసమే చెయ్యాలి, మెల్లగా సరిచెయ్యాలి, మళ్లీ నిద్ర పరీక్ష చేసి పనిచేస్తోందో లేదో చూడాలి. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ పరికరం పట్టి ఉండాలంటే నోట్లో గట్టి పళ్లుండాలి. ఒక్కొక్కటీ పీకేసినవాడికి ఆ పరికరం దేనికి తగిలిస్తారు? అయిదు నిమిషాల్లో పీకి పంపిన పన్ను రేపటి వైద్యాన్ని కూడా పీకేస్తోంది.

మన చేతిలో ఉన్నవీ కొన్నున్నాయి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవటం. బరువుంటే తగ్గటం. పడుకునే ముందు మందు మానటం - మందు తాగితే బాగా నిద్ర పడుతుందనేది భ్రమ, అది గొంతును ఇంకా సడలించి జబ్బును పెంచుతుంది. నిద్ర చాలక వచ్చే మత్తు వేరు, ఎనిమిది గంటలు పడుకున్నా వదలని మత్తు వేరు. రెండోదాన్ని సోమరితనం అనకండి.

ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. ఆడది గురక పెడితే సిగ్గు, బయటికి చెప్పరు. పొద్దున్నే తలనొప్పి, నీరసం అంటే "రక్తం తక్కువ" అని బిళ్లలిచ్చి పంపుతారు. రక్త పరీక్ష చెయ్యండి, నిద్ర సంగతి కూడా అడగండి.

ఉపాధ్యాయుడిగా నాకు ఎక్కువ బాధ పిల్లల గురించే. నోరు తెరుచుకుని నిద్రపోయేవాడు, గురక పెట్టేవాడు, పళ్లు కొరికేవాడు, పక్క తడిపేవాడు, తరగతిలో కునికేవాడు - ఇవన్నీ ఒక్క పిల్లాడిలోనే కనపడితే గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక ఎడినాయిడ్స్ పెరిగాయేమో చూపించాలి. అమెరికాలో 5 నుంచి 9 ఏళ్ల పిల్లల మీద చేసి 2013లో ప్రకటించిన పరిశోధనలో, అవి తీయించిన పిల్లలకు నిద్ర, ప్రవర్తన మెరుగుపడ్డాయి. ఏకాగ్రత పరీక్షలో మాత్రం పెద్ద తేడా రాలేదు. ఆపరేషన్‌తో అందరూ ఫస్టు వస్తారని నేననటం లేదు. ఊపిరాడక కునికే హాస్టలు పిల్లాడికి "మీ జాతికి చదువెక్కడ అబ్బుతుంది" అని ముద్ర వేసే మాస్టర్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ముద్ర వేసే ముందు పిల్లాడి గొంతు చూపించారా అని అడుగుతున్నా.

డబ్బు మాట చివరికి వస్తుంది. సీపాప్ యంత్రం ముప్ఫై నలభై వేలు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కొనుక్కుంటే సీజీహెచ్ఎస్ కింద డబ్బు తిరిగొస్తుంది. రావాలి కూడా. ప్రభుత్వం తల్చుకుంటే ఇవ్వగలదని అదే రుజువు. మరి గుంటూరు మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీకి, లారీ డ్రైవరుకు, తెల్లారకముందే చీపురు పట్టే పారిశుద్ధ్య కార్మికుడికి ఊపిరి వేరా? అందుకే మనం అడగాల్సినవి ఇవి:

1. హైదరాబాదు, విజయవాడ, కడప ప్రభుత్వ దంత కళాశాలల్లో వచ్చిన ప్రతి పెద్దవాణ్నీ ఆ ఎనిమిది ప్రశ్నలూ అడగాలి. జవాబులు చీటీ మీద రాయాలి.

2. జిల్లా ఆసుపత్రిలో నిద్ర పరీక్ష ఉచితంగా జరగాలి. యంత్రమైనా, దవడ పరికరమైనా పేదవాడి ఇంటికి ఉచితంగా చేరాలి.

3. 2013 నుంచి బడులకు వస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పుచ్చుపళ్లతో పాటు గురక, నోటితో ఊపిరి తీయటం కూడా అడగాలి.

4. డ్రైవర్లకు పరీక్ష పెట్టాలి. జబ్బు తేలితే వైద్యం ఇప్పించాలి, బతుకుదెరువు తీసెయ్యకూడదు.

అక్కలారా, అన్నలారా! ఇవాళ రాత్రి మీ పక్కన పడుకున్న మనిషి ఊపిరి వినండి. గురక మధ్య నిశ్శబ్దం వస్తే అంకెలు లెక్కపెట్టండి. పది దాటిందా, రేపు ఆసుపత్రికి తీసుకుపోండి. ఈసారి "ఏ పన్ను?" అని అడిగితే, ముందు మేం చెప్పేది వినండని గట్టిగా చెప్పండి.