కొత్త కోర్సు ప్రివ్యూ అనే పెళ్ళిచూపులు

మొన్నామధ్య ఓ శుక్రవారం రాత్రి మా ఫ్రెండ్ ఒకడు వాట్సాప్‌లో వీడియో పంపాడు. మేమిద్దరం ఆడే గోల్ఫ్ గేములో కొత్త కోర్సు వస్తోందట, దాని ప్రివ్యూ. నిమిషంన్నర ఉంటుంది. సముద్రం పక్కన కొండ, కొండ మీంచి జలపాతం, దాని వెనకాల గ్రీన్. కెమెరా గద్దలాగా పైన తిరుగుతూ అన్నీ చూపించింది. ఆఖర్న ఒక షాట్. బాలు లోయ దాటి, బండకి తగిలి, దొర్లుకుంటూ పోయి సరాసరి హోల్లో పడింది. వెనకాల చప్పట్లు. కింద మావాడి మెసేజీ, "రేయ్, కొనేద్దాం".

కొనేశాం. శనివారం పొద్దున్నే కాఫీ పట్టుకుని ఆ హోల్ దగ్గరికి చేరాను. ఎదురుగాలి. జెండా వీడియోలో చూసిన చోట లేదు, కుడి మూల బండ వెనకాల నక్కింది. టీ దగ్గర (తాగే టీ కాదండోయ్, మొదటి షాట్ కొట్టే చోటు) నిలబడితే జలపాతం సంగతి దేవుడెరుగు, గ్రీనే కనపడదు. ఏడు బాల్స్ లోయలో పారేసుకున్నాక నాకు జ్ఞానోదయం అయింది: నేను చూసింది ప్రివ్యూ కాదు, పెళ్ళిచూపులు.

పెళ్ళిచూపుల్లో అబ్బాయి ఆన్‌సైట్ వెళ్ళొచ్చాడని చెప్తారు గానీ ఆర్నెల్లుగా బెంచ్ మీద ఉన్నాడని చెప్పరు కదా. ఇదీ అంతే. గేము పేరు రాయను. ఒక్క కంపెనీ మీద పడి ఏడవడం నా ఉద్దేశం కాదు. నేను చూసిన గోల్ఫ్ గేముల ప్రివ్యూలన్నీ దాదాపు ఈ బాపతే.

లెక్క వేసి చూడండి. ఒక హోల్‌కి మూడు టీలు, నాలుగు జెండా చోట్లు, ఎనిమిది దిక్కుల గాలి అనుకుందాం. మొత్తం 96 రకాలు. ప్రివ్యూ చూపించేది అందులో ఒకటి, అదీ ఎన్నోసారికి తగిలిన షాటో ఎవడికీ తెలీదు. 96 టెస్ట్ కేసుల్లో ఒకటి పాసైంది, రిలీజ్ చేసేద్దాం అంటే మన లీడ్ ఊరుకుంటాడా? మరి కొనేవాడు ఎందుకు ఊరుకోవాలి?

అసలు ఈ పిచ్చి నాకు అంటింది అమెరికాలో. నిజం గోల్ఫ్ నేను జన్మలో ఆడలేదు. 2023లో ఆన్‌సైట్ వెళ్ళినప్పుడు టీమ్ వాళ్ళు ఓ బార్‌కి లాక్కెళ్ళారు. నేను కోక్ పట్టుకుని బిక్కమొహం వేసుకుని తిరుగుతుంటే మూల ఓ పెద్ద పెట్టె కనపడింది, గోల్డెన్ టీ. ఇల్లినాయ్‌కి చెందిన ఇన్‌క్రెడిబుల్ టెక్నాలజీస్ 1989లో మొదలుపెట్టిన గేము ఇది. మధ్యలో ఒక ట్రాక్‌బాల్ ఉంటుంది. వెనక్కి లాగి ముందుకి తోస్తే అదే స్వింగు. ఏ కోణంలో తోస్తే బాలు ఆ వంపు తిరుగుతుంది. గాలి, జెండా చోటు, టీ ఆట ఆటకీ మారిపోతాయి. అందుకే అదే కోర్సుని ఏళ్ళ తరబడి ఆడేవాళ్ళు ఉన్నారు.

ఆ రోజు నా పక్కన ఓ పెద్దాయన నిలబడ్డాడు. మొదటిసారి ఆడుతున్నానని కనిపెట్టేశాడు. జెండా ఎంత దూరమో చెప్పలేదు, సీనరీ ఎంత బాగుందో చెప్పలేదు. "ఎడమ పక్కకి మాత్రం పోనివ్వకు, అక్కడికి పోతే తిరిగి రాలేవు" అన్నాడు. అంతే. నా జీవితంలో నేను చూసిన అత్యుత్తమ కోర్సు ప్రివ్యూ అది. మన ఊళ్ళల్లోనూ అంతే కదా, కొత్త చెరువులో ఈతకి దిగేవాడికి నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో ఎవరూ చెప్పరు, ఊబి ఎక్కడుందో చెప్తారు.

నిజం గోల్ఫ్ నుంచే ఒక ఉదాహరణ. ఫ్లోరిడాలో టీపీసీ సాగ్రాస్ అని 1980లో తెరిచిన కోర్సు ఉంది, పీట్ డై డిజైను. దాని 17వ హోల్ సుమారు 137 గజాలే, ప్రొఫెషనల్స్‌కి చిటికెలో పని. కాకపోతే గ్రీన్ చుట్టూ నీళ్ళు. అక్కడ మంచి ఇసక ఉందని కోర్సు కట్టడానికి తవ్వుకుంటూ పోతే పెద్ద గొయ్యి మిగిలింది. ఆయన భార్య ఆలిస్ డై, గ్రీన్‌ని దీవిలా చేసేయమని సలహా ఇచ్చిందట. 2005 ప్లేయర్స్ టోర్నమెంటులో బాబ్ ట్వే, అంటే 1986లో పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచిన మనిషి, ఈ హోల్లో నాలుగు బాల్స్ నీళ్ళల్లో వేసి 12 కొట్టాడు. పార్ 3కి 12! ఆ హోల్‌కి పేరు తెచ్చింది హోల్ ఇన్ వన్‌లు కాదండీ, నీళ్ళల్లో పడిన బాల్స్. అది చూసిన ప్రతివాడికీ "నేనైతే ఎలా కొడతానో" అనిపిస్తుంది. అదీ అసలైన ప్రివ్యూ.

"ప్రకటన అన్నాక మంచే చూపిస్తారు, నీకేంటి నొప్పి?" అంటారు. చీర కొనేటప్పుడు కూడా షాపువాడు మడత విప్పి కొంగు చూపిస్తాడు కదా! "ఓడిపోవడం చూపిస్తే సస్పెన్స్ పోతుంది" అని ఇంకొకరు. సినిమాకైతే నిజమే, ఒకసారి చూసే కథ అది. వంద సార్లు ఆడే హోల్‌కి సస్పెన్స్ ఏమిటి? ప్రమాదం తెలిసే కొద్దీ ఆట రుచి పెరుగుతుంది గానీ తగ్గదు.

నేను మాత్రం పత్తిత్తునా? కాదు. పోయినేడాది ఒక క్లయింటుకి గోడౌన్ స్క్రీన్ డెమో ఇచ్చాను. ఒక్క యూజర్, శుభ్రమైన డేటా, రెండు నిమిషాల్లో పని పూర్తి. చప్పట్లు. వైఫై అందని మూలల్లో స్క్రీన్ బిగుసుకుపోతుందని నాకు తెలుసు. చూపించలేదు. గో-లైవ్ అయ్యాక అక్కడి పనివాళ్ళు పది రోజులు కాగితాల మీద రాసుకున్నారు, లేటు అయినందుకు తిట్లూ వాళ్ళే తిన్నారు. నాకేమో ఆ నెల అప్రీసియేషన్ మెయిల్ వచ్చింది. ఏడో బాలు లోయలో పడినప్పుడు ఎందుకో ఆ మెయిలే గుర్తొచ్చింది.

ఇంకో విషయం, అసలు నా కడుపుమంట ఇదే. ఆ కోర్సు బాగుంది! వారం ఆడాక తెలిసింది, లోయకి ఎడమ పక్కన సన్నటి గడ్డి దారి ఉంది. అక్కడికి చిన్న షాట్ కొట్టుకుంటే బండ అడ్డు తొలగి గ్రీన్ మొత్తం తెరుచుకుంటుంది. ఒక షాట్ ఎక్కువ అవుతుంది, కానీ బాలు బతుకుతుంది. డిజైన్ చేసినవాడు ఎంత ఆలోచించి పెట్టాడో! ప్రివ్యూ చేసినవాడు దాన్ని ఒక్క ఫ్రేములో కూడా చూపించలేదు. కొన్నవాడినే కాదు, కష్టపడి కట్టినవాడిని కూడా మోసం చేశాడు.

కాబట్టి అయ్యా, ప్రివ్యూలు తీసే మహానుభావులారా! గద్ద చూపు తగ్గించి టీ దగ్గర నిలబడ్డ మనిషి చూపు చూపించండి. ఎదురుగాలిలో ఒక షాట్ కొట్టండి. జెండాని కనీసం రెండు చోట్ల పెట్టండి. గ్రీన్ ఎటు వాలుతుందో చెప్పండి. ఒక్క బాలు, ఒకే ఒక్క బాలు లోయలో పడటం చూపించండి.

అలా చూపించిన రోజు రేటు కూడా అడగను, కళ్ళు మూసుకుని కొంటాను. అన్నట్టు, వచ్చే నెల నాకు ఇంకో డెమో ఉంది. ఈసారి వైఫై ఆపేసి మొదలుపెడదామనుకుంటున్నా, మా మేనేజర్ ఒప్పుకుంటే :-)