ఇంటి లెక్క: ప్యాకేజీ కాదు, వాయిదా చూడండి

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, ఎం.పి.సి. పిల్లలున్న ఇళ్ళల్లో పొయ్యి మీద అన్నం కన్నా ముందు కాలేజీల మాటే ఉడుకుతుంది. ఈమధ్య బాగా వినిపిస్తున్న కోర్సు ‘మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్’. లెక్కలు, గణాంకాలు, ప్రోగ్రామింగ్ కలగలిపిన చదువు ఇది. మన హైదరాబాద్ ఐ.ఐ.టి.లోనూ ఉంది, కొన్ని ప్రైవేటు కాలేజీల్లోనూ ఉంది. చదువు మంచిదే. కానీ ఫీజుకి బ్యాంకు అప్పు చేస్తున్నప్పుడు, రేపు వచ్చే జీతం ఆ అప్పుని మోయగలదా? విద్యారుణం కాగితాల మీద పిల్లలతోపాటు తల్లిగానీ తండ్రిగానీ సంతకం చేయాలి. కాబట్టి ఈ లెక్క మనకీ తెలిసి ఉండాలి.

పాల లెక్క రాసుకునే పుస్తకం, పెన్సిలు తెచ్చుకోండి. ఏడాదికి 2 లక్షల చొప్పున నాలుగేళ్ళకి 8 లక్షల అప్పు అనుకుందాం. వడ్డీ ఏడాదికి 10 శాతం, అంటే మన వాడుకలో నూటికి నెలకి 83 పైసలు. చదువు అయ్యాక ఇంకో ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదంటారు. నిజమే. కానీ వడ్డీ మాత్రం ఆగదు! మొదటి 2 లక్షల మీద ఐదేళ్ళు, ఆఖరి 2 లక్షల మీద రెండేళ్ళు, ఇలా మొత్తం 2 లక్షల 80 వేలు చేరి, 8 లక్షలు కాస్తా 10 లక్షల 80 వేలవుతుంది. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకి సుమారు 14,270 రూపాయలు. చివరికి కట్టేది 17 లక్షల పైమాటే.

ఇప్పుడు జీతం వైపు చూద్దాం. కాలేజీవాళ్ళు ‘సగటు ప్యాకేజీ 10 లక్షలు’ అంటే మురిసిపోకండి. ఐదుగురిలో ఇద్దరికి 4 లక్షలు, ఇద్దరికి 5 లక్షలు, ఒక్కరికి 32 లక్షలు వచ్చినా సగటు 10 లక్షలే! జీతాలన్నీ వరసలో పేర్చి నడిమిది చూస్తే 5 లక్షలు. దీన్నే ‘మధ్యగతం’ అంటారు. అడగాల్సింది ఆ అంకె, దాంతోపాటు ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయన్నది. ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకుల కోసం కాలేజీలు ఇచ్చే వివరాల్లో ఈ రెండూ ఉంటాయి. పిల్లల్ని వెతికి చూపించమనండి. ఇంకొక సంగతి, ప్యాకేజీ అంతా చేతికి రాదు. పి.ఎఫ్., గ్రాట్యుటీ, పనితీరుని బట్టి ఇచ్చే బోనసు అన్నీ అందులోనే కలిపి చెబుతారు.

చేతికొచ్చేది 40 వేలనుకోండి. 14,270 వాయిదాకి పోతే మిగిలేది 25,730. అందులోనే హాస్టలు, తిండి, బస్సు చార్జీలు. పదేళ్ళు! వాయిదా చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదన్నది నా లెక్క. దాటిందా, చారణా కోడికి బారణా మసాలా అయినట్టే. అప్పుడు తక్కువ ఫీజు ఉండే ప్రభుత్వ కాలేజీలో లెక్కలు, కంప్యూటర్సుతో డిగ్రీ చేయించి, ఐసెట్ రాయించి, రెండేళ్ళ ఎం.సి.ఎ. చదివించినా దారి మూసుకుపోదు.

అప్పు తప్పదనుకుంటే ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

1. ముందు ఫీజు మినహాయింపు సంగతి అడగండి. ఐ.ఐ.టి.లలో 2016 నుంచి కుటుంబ ఆదాయం ఏడాదికి లక్షలోపు ఉంటే ట్యూషన్ ఫీజు పూర్తిగా, లక్ష నుంచి 5 లక్షల దాకా అయితే మూడింట రెండు వంతులు తగ్గిస్తున్నారు.

2. 2024 నవంబరులో ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కింద, జాబితాలో ఉన్న విద్యాసంస్థల్లో సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, వేరే స్కాలర్‌షిప్పు లేనివాళ్ళకి 10 లక్షల దాకా రుణానికి 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

3. చదువుతున్నప్పుడే నెలనెలా వడ్డీ కట్టేయండి. మొదటి ఏడాది నెలకి 1,667 రూపాయలే. ఏటా పెరిగి నాలుగో ఏడాదికి 6,667 అవుతుంది. అలా కడితే తర్వాత వాయిదా 14,270 కాదు, 10,570. మొత్తం మీద లక్షన్నరకి పైగా మిగులు!

4. ఆడపిల్లలకి కొన్ని బ్యాంకులు వడ్డీ కాస్త తగ్గిస్తాయి. మర్చిపోకుండా అడగండి.

ఆడపిల్లల మాట వచ్చింది కనుక ఒక్కమాట. పెళ్ళికి లక్షలు అప్పు తెచ్చేటప్పుడు ఎవరూ లెక్క అడగరు. చదువు అనేసరికి మాత్రం ‘ఎందుకులే’ అంటారు. లెక్క చూడమంటున్నది వద్దనడానికి కాదమ్మా! కొడుకైనా కూతురైనా లెక్క ఒక్కటే. అది కుదిరితే ధైర్యంగా చదివించండి. కుదరకపోతే, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టకముందే ఇంకో దారి వెతకండి. ‘మీకేం తెలుసు’ అని ఇంట్లో ఎవరన్నా అంటే, ఈ పుస్తకం పేజీ తీసి వాళ్ళ ముందు పెట్టండి.

వచ్చే వారం ఇంకో లెక్కతో కలుసుకుందాం.