చెవి ముందు, నాలుక వెనుక



క్రిందటి సంచిక వెలువడిన పిమ్మట ఒక సోదరి నాకిట్లు వ్రాసినారు: “మా చిన్నవానికి నాల్గవ యేడు నడుచుచున్నది. ‘రైలు’ అనుమన్నచో ‘లైలు’ అనును. మా యత్తగారు వస నాకింపుమందురు. మా మఱదులు వానివలెనే పలికి నవ్వుదురు. నేనేమి చేయవలెను?” ఇట్టి ప్రశ్న పెక్కిండ్లలో పుట్టునదే గనుక ఈ మాసమున దానినే గైకొనుచున్నాను.

మనము బిడ్డ నోటిని చూచి విచారపడుదుము. కాని భాష మొదట ప్రవేశించునది చెవి ద్వారముననే. పుట్టి మూడు దినములైనను నిండని శిశువులు పరస్త్రీ కంఠముకంటె కన్నతల్లి కంఠమునే కోరి విందురని 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అను పండితులు కనుగొనిరి. అంతకు ముందే, 1971లో, పీటర్ ఐమాస్ మొదలగువారు నెల బిడ్డల నోటికి పాలపీక నందిచ్చి ‘బ’ యను ధ్వనిని మాటిమాటికి వినిపించిరి. విని విని విసుగుపుట్టి బిడ్డ చప్పరించుట మందగింపగా, ‘ప’ యను ధ్వనిని వినిపించిరి. వెంటనే బిడ్డ మరల వేగముగా చప్పరింప నారంభించెను. మాట రాని పసికందునకు సైతము బ-ప భేదము తెలియునని దీనివలన తేలినది.

ఇంతకంటె వింతయైన సంగతి యొకటి కలదు. మన తెలుగున ‘పాత’ వేఱు, ‘పాట’ వేఱు. ‘కోత’ వేఱు, ‘కోట’ వేఱు. హిందీలోను ఈ త-ట భేదము కలదు, ఆంగ్లమున లేదు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనువారు కెనడాలో ఆంగ్లము మాటలాడు కుటుంబముల శిశువులకు ఈ హిందీ ధ్వనులను వినిపించి చూచిరి. ఆఱు మొదలు ఎనిమిది మాసముల శిశువులలో మిక్కిలి మంది ఆ భేదమును గుర్తించిరి. పది, పండ్రెండు మాసముల నడిమివారిలో గుర్తించినవారు మిక్కిలి తక్కువ. అనగా బిడ్డ పుట్టునప్పుడు లోకములోని భాషల కెల్ల చెవి యొగ్గియుండును. ఏడాది తిరుగులోపల ఇంటి భాషకు వలసిన భేదములను నిలుపుకొని, తక్కినవానిని విడిచిపుచ్చును. మన బిడ్డలు ‘పాత’, ‘పాట’ లను వేఱుగా విందురన్నచో, అది మనము వంటయింటను, ఊయెల కడను ఆడిన మాటల ఫలమే.

అట్లని యంత్రమును ముందఱబెట్టి మన పని మనము చూచుకొనిన చాలునా? చాలదు. పాట్రీషియా కూల్ అను విదుషీమణి 2003లో ప్రకటించిన పరీక్షలో, తొమ్మిది మాసముల అమెరికా శిశువులకు చీనాభాష మాతృభాషగా గలవారు ఎదుట కూర్చుండి, పండ్రెండు పర్యాయములు కథలు చెప్పి ఆడించిరి. ఆ శిశువులు చీనా ధ్వనులను చక్కగా నేర్చిరి. అవే మాటలను తెరమీద మాత్రమే చూపగా వేఱొక జట్టు శిశువులకు ఏమియు అబ్బలేదు. చేతిఫోనులో లాలిపాట పెట్టి బిడ్డ ప్రక్కన నుంచు తల్లులు ఈ సంగతిని గమనింపవలెను. నీళ్లు పోయుచు, బువ్వ తినిపించుచు, మొగము చూచి మనమాడు నాలుగు మాటలే బిడ్డకు చదువు.

ఇక ‘లైలు’ సంగతి. చెవికి పట్టుబడినదంతయు నాలుకకు వెంటనే పట్టుబడదు. పెదవులతో పలుకు మ, బ, ప లు ముందు వచ్చును. నాలుకను నేర్పుగా త్రిప్పవలసిన రకారము పెక్కుమంది పిల్లలకు ఆలస్యముగా వచ్చును. 1960లో బెర్కో, బ్రౌన్ అనువారొక ఆంగ్లబాలుని ముచ్చట వ్రాసిరి. వాడు ‘ఫిష్’ అనుటకు ‘ఫిస్’ అనెడివాడు. పెద్దవారు ‘ఫిస్’ అన్నచో మాత్రము కాదని తల యూపెడివాడు. ‘ఫిష్’ అన్నప్పుడే యొప్పుకొనెడివాడు. తన తప్పు తనకు వినబడదు గాని యితరుల తప్పు వినబడుచునే యుండును. కావున మఱదులు ‘లైలు’ అని వెక్కిరించుట వలన బిడ్డ కబ్బు విద్య యేమియు లేదు. మాటాడుటకు జంకు మాత్రము అబ్బును. “మరల అనుము, సరిగా అనుము” అని నిలువబెట్టుటయు తగదు. బిడ్డ ‘లైలు’ అనగా, “అవును నాయనా, రైలు వచ్చినది, పెద్ద రైలు” అని బదులు చెప్పుడు. ఆడపులి తన కూనలను కోఱలతో పట్టుకొనియు, గ్రుచ్చుకొననీయక, జాఱనీయక కొనిపోవునట్లు వర్ణముల నుచ్చరింపవలెనని పాణినీయశిక్ష చెప్పుచున్నది. ఆ యుపమానము నేర్చువానికే గాక నేర్పు తల్లికిని తగియున్నది.

బిడ్డ విన్నమాటనే అప్పగించు చిలుక కాడు. విన్నదానిలోని కట్టుబాటును తానే పట్టుకొనును. 1958లో జీన్ బెర్కో లేనిపోని మాటలను కల్పించి, వానికి బహువచనము చెప్పుమని పిల్లల నడుగగా, మునుపెన్నడును వినని మాటలకు సైతము వారు చాలవఱకు తమ భాష తీరుననే చెప్పిరి. మనమును పరీక్షింపవచ్చును. పిల్లి-పిల్లులు, గది-గదులు అనుటలో చివరి ఇకారము ఉకారమగుచున్నది గదా! ఒక బొమ్మ గీసి, “ఇది డుంకి” అని చెప్పి, మఱియొకటి గీసి, “ఇప్పుడు రెండు ఏమున్నవి?” అని మీ పిల్లల నడుగుడు. బాల్యమున నాటుకొనిన ఇట్టి కట్టుబాటులే పెద్దలమైన మనచేత ‘బస్’ను ‘బస్సు’గను, ‘రోడ్’ను ‘రోడ్డు’గను మార్పించినవి.

తుదకు ముఖ్యమైన మాట. అత్తగారి వాత్సల్యమునకు వంక పెట్టను గాని, వస నాకించినంత మాత్రమున మాట రాదు. తొలి యాఱు మాసములు తల్లిపాలు తప్ప వేఱేమియు పెట్టవలదని వైద్యులు చెప్పుదురు గనుక పసికందులకు అది యసలే కూడదు. అంతకంటె హానికరమైనది, “వీని తాతగారికిని ఆలస్యముగనే మాటలు వచ్చినవి” అని వేచియుండుట. చెవి వినబడని బిడ్డయు మొదట ‘ఉంగా’ అనును, నవ్వును. అందుచే ఇంటిల్లిపాదియు మోసపోవుదురు. పది మాసములు నిండినను ‘బబబ’, ‘మమమ’ అని పలుకకున్నను, వెనుకనుండి పిలిచిన తిరిగి చూడకున్నను, వెంటనే చెవుల వైద్యునకు చూపవలెను. బిడ్డ నిద్రించుచుండగనే చెవిలో చిన్న బిరడా యుంచి నొప్పి లేకుండ చేయు పరీక్ష కలదు. నెలలోపల పరీక్ష, మూడు మాసములలోపల నిర్ణయము, ఆఱు మాసములలోపల చికిత్స ఆరంభము కావలెనని నిపుణుల మతము. ఆ గడువులు దాటిన బిడ్డను సైతము నేడే కొనిపోవుట మేలు. మూడేండ్లు నిండిన పిదప కూడ బిడ్డ మాట పరాయివారికి పెక్కుభాగ మర్థము గాకున్నచో అప్పుడును నిపుణులకు చూపవలెను. లేఖ వ్రాసిన సోదరి చిన్నవాని మాట ఒక్క రకారము తప్ప తక్కినదంతయు ఇరుగుపొరుగువారికి తెలియుచున్నచో, ఆమె దిగులుపడ నక్కఱలేదు.

మీ పిల్లలు ‘డుంకి’కి ఏమి బదులిచ్చిరో, వారి వయస్సుతో కూడ వ్రాసి పంపుడు. వచ్చు సంచికలో ఆ ముచ్చటలు చెప్పుకొందము.